జేగురు చిత్రకళ: కొండమన్ను, కోనసీమ ఒండ్రు

ఇనుము కలిసిన ఎర్ర, పసుపు మన్నును నూరి, నీళ్లతోనో బంకతోనో కలిపి రాతి మీద, మట్టిగోడ మీద, చెట్టు బెరడు మీద, ఒంటి మీద బొమ్మలు వేసే కళను జేగురు చిత్రకళ అంటారు. ఆ మన్నునే ఊరిని బట్టి జేగురు, జాజు, కావి, ఎర్రమన్ను అని పిలుస్తారు. మనిషి చేతికి అందిన రంగుల్లో అతి పాతది ఇదే. దక్షిణాఫ్రికాలోని బ్లాంబోస్ గుహలో సుమారు లక్ష ఏళ్ల కిందట జేగురు కలుపుకున్న గుల్లచిప్పలు దొరికాయి. అదే గుహలో 73,000 ఏళ్ల నాటి రాతిపెచ్చు మీద జేగురు ముక్కతో గీసిన అడ్డగీతలు కనిపించాయి. అక్కడి నుంచి ఆస్ట్రేలియా దాకా, మధ్యలో మన కర్నూలు గుట్టల దాకా, ఆదిమ జనం ఉన్న చోటల్లా ఈ ఎరుపు ఉంది.

మిగతా వర్ణచిత్రాలకూ దీనికీ ఉన్న పెద్ద తేడా ఏమిటంటే, ఇక్కడ రంగూ, బొమ్మ వేసిన చోటూ, బొమ్మలోని కథా చాలాసార్లు ఒకే నేలకు చెందినవి. కాబట్టి కొండను వదిలేసి బొమ్మను మాత్రమే చూస్తే సగమే చూసినట్టు. ఈ వ్యాసం తెలుగు నేల మీది జేగురు కళను ఆస్ట్రేలియా ఆదివాసుల కళ పక్కన పెట్టి పరిశీలిస్తుంది. చూసే చోటు మాత్రం కోనసీమ. మామిడికుదురు మండలంలో వైనతేయ గోదావరి ఒడ్డున, బాలబాలాజీ గుడితో పేరుపడ్డ అప్పనపల్లి లాంటి ఊళ్లో కొండా లేదు, గుట్టా లేదు, నూరడానికి ఎర్రరాయీ లేదు. ఏ నేలకు ఏ కళ అబ్బుతుందో తెలుసుకోవడానికి ఇలాంటి రాయిలేని ఊరు చాలా పనికొస్తుంది.

రంగు పుట్టుక

జేగురుకు రంగు ఇచ్చేది ఇనుప ఆక్సైడు. నీరు కలవని హెమటైట్ ఎరుపునిస్తుంది. నీటిని తనలో ఇముడ్చుకున్న గోథైట్ పసుపునిస్తుంది. పసుపు జేగురును పెంకు మీద వేసి నిప్పుల్లో పెడితే 250 నుంచి 300 డిగ్రీల సెల్సియస్ వేడి దగ్గర నీరు వదిలిపోయి ఎర్రబడుతుంది. తెలుపుకు సుద్ద, కయొలిన్ మట్టి, సున్నం, బియ్యప్పిండి వాడతారు. నలుపు బొగ్గు నుంచో, మసి నుంచో, మాంగనీసు రాయి నుంచో వస్తుంది. ఎరుపు, పసుపు, తెలుపు, నలుపు అనే ఈ నాలుగు రంగులే ప్రపంచమంతటా ఆదివాసి చిత్రాలకు ఆధారం. ఆకుపసర్లూ పూలరంగులూ ఎండకు వెలిసిపోతాయి. జేగురు వెలవదు, ఎందుకంటే అది అప్పటికే తుప్పు. తుప్పుకు మళ్లీ తుప్పు పట్టదు.

తెలుగు కొండల మీద ఈ ఎర్రమన్ను ఏర్పడడానికి వేడీ, వానా రెండూ కారణం. లక్షల ఏళ్లు కురిసిన వాన రాతిలోని సిలికాను కొంచెం కొంచెంగా కడిగేస్తే ఇనుము, అల్యూమినియం మిగిలిపోయాయి. ఆ మిగిలిన ఎర్రటి రాయి లాటరైట్. తూర్పు కనుమల్లో దీని కింద ఉండే రాతిని భూగర్భ శాస్త్రజ్ఞులు ఖొండలైట్ అంటారు. ఆ కొండల్లో బతికే ఖోండు తెగ పేరునే రాతికి పెట్టారు. అనంతగిరి, చింతపల్లి ప్రాంతాల కొండల నెత్తిన అల్యూమినియం పాలు ఎక్కువైన చోట ఇదే పొర బాక్సైటుగా మారింది. ఒకే వాన ఒక చోట గోడకు పూసే రంగునిచ్చింది, మరో చోట కంపెనీలు కోరుకునే ఖనిజాన్నిచ్చింది. ఈ సంగతి ముందు ముందు మళ్లీ వస్తుంది.

మన్నును రంగుగా మార్చడం తేలికే గాని తొందరపడితే కుదరదు. గట్టి ముక్కను రాతి మీద రుద్ది చూస్తారు. ఎర్రటి చార మెత్తగా, ఇసుక గరుకు లేకుండా పడితే మంచి జేగురు. దాన్ని దంచి, కుండలో నీళ్లు పోసి బాగా కలియబెట్టి కాసేపు ఆగుతారు. ఇసుకా, గులకా ముందుగా అడుక్కి చేరతాయి. పైనున్న ఎర్రనీళ్లను కదలకుండా రెండో కుండలోకి వంచుతారు. అందులో మెత్తటి మడ్డి నెమ్మదిగా దిగుతుంది. పైకి తేరిన నీటిని పారబోసి మడ్డిని ఆరబెడితే వేలికి అంటుకునే నున్నటి రంగు మిగులుతుంది. దానికి తుమ్మబంకో, వేపబంకో కలిపితే గోడను పట్టుకుంటుంది. ఆస్ట్రేలియా ఉత్తరాన ఆర్నెమ్ లాండులో అడవి ఆర్కిడ్ దుంపల రసాన్ని ఇందుకు వాడేవారు. గోదావరి చేసే పనీ ఈ రెండు కుండల తేర్పు లాంటిదే. బరువైన రాళ్లనూ ముతక ఇసుకనూ దారిలో దించేసి, అతి మెత్తటి మడ్డిని మాత్రమే కోనసీమకు తెచ్చి పోస్తుంది.

తెలుగు నేల మీద రాతిచిత్రాలు

నంద్యాల జిల్లా బనగానపల్లె దగ్గర జ్వాలాపురం ఉంది. సుమారు 74,000 ఏళ్ల కిందట ఇండోనేసియాలోని టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు ఎగిరివచ్చిన బూడిద అక్కడి జుర్రేరు లోయలో మందమైన పొరగా పడింది. గిన్నెలు తోమే పొడుల కోసం ఆ బూడిదను తవ్వుకుపోతున్న చోటే రవి కొరిశెట్టర్, మైఖేల్ పెట్రాగ్లియా బృందం తవ్వకాలు జరిపి 2007లో ఫలితాలు ప్రకటించింది. రాతి పనిముట్లతో పాటు, వాడగా అరిగిన ఎర్రజేగురు ముక్క కూడా అక్కడ దొరికింది. ఆ ముక్కతో ఏం గీశారో, ఎవరి ఒంటికి పూశారో చెప్పే ఆనవాలు మిగల్లేదు. రంగు కోసం మన్నును ఏరుకోవడం మాత్రం తెలుగు నేల మీద అంత పాతదని ఆ ఒక్క ముక్కే సాక్ష్యమిస్తోంది.

బొమ్మల రూపంలో కనిపించేవి తర్వాతి కాలానివి. కర్నూలు దగ్గర ఓర్వకల్లు మండలం కేతవరం గుట్టల్లో, కడప జిల్లా ముద్దనూరు మండలం చింతకుంటలో, జయశంకర్ భూపాలపల్లి జిల్లా రేగొండ మండలంలోని పాండవులగుట్టలో జేగురు చిత్రాలున్నాయి. చింతకుంటలో ఎర్రజేగురుతో పాటు తెల్లసుద్ద బొమ్మలూ ఉన్నాయి. మూపురం ఉన్న ఎద్దులు, జింకలు, పక్షులు, తాబేళ్లు అక్కడి రాతిచూర్ల కింద కనిపిస్తాయి. పాండవులగుట్ట గోదావరి లోయకు చెందిన ఇసుకరాయి గుట్ట. 1990లో అక్కడి చిత్రాలు పురావస్తు శాఖ దృష్టికి వచ్చాయి. ఆదిమ వేటగాళ్ల బొమ్మల పక్కనే చాలా కాలం తర్వాత వేసిన భారత కథల బొమ్మలూ ఉండడం ఈ గుట్ట ప్రత్యేకత. ఒకరు రంగు పూసిన రాతిని తర్వాతి వాళ్లూ వదల్లేదు. గుట్టకు ఉన్న పేరులోనే ఆ రెండో వరస కథ నిలిచింది.

వీటి వయసు కట్టడం కష్టం. బొగ్గుతో వేసిన బొమ్మకు రేడియో కార్బన్ పరీక్ష చేయవచ్చు గాని ఇనుప రంగులో కార్బన్ ఉండదు. అందుకే బొమ్మల తీరును బట్టి, పక్కన దొరికిన పనిముట్లను బట్టి నవీన శిలాయుగమనో, అంతకు ముందుదనో అంచనా వేస్తారు. ఆస్ట్రేలియాలోని కింబర్లీలో ఈ చిక్కును ఒక పురుగు తీర్చింది. బొమ్మ మీదా, బొమ్మ కిందా కందిరీగలు మట్టితో కట్టుకున్న గూళ్లలో చిక్కుకున్న బొగ్గురవ్వలకు వయసు కట్టి, అక్కడి ఒక కంగారూ చిత్రం సుమారు 17,300 ఏళ్ల నాటిదని 2021లో తేల్చారు. కేతవరంలోనూ, చింతకుంటలోనూ రాళ్ల మీద కందిరీగల గూళ్లను శుభ్రం పేరుతో గీకి పారేయకుండా ఉంచాలనడానికి ఇదొక్కటే చాలు.

ఎర్రని నేల మీద తెల్లని గీత అనే జత తెలుగు చరిత్రలో పదే పదే కనిపిస్తుంది. శాతవాహనుల కాలపు ఊళ్ల తవ్వకాల్లో బయటపడే ఒక రకం కుండలకు జేగురు పూత ఉంటుంది, ఆ ఎరుపులో తెల్లటి నిలువు, అడ్డగీతలు కనిపిస్తాయి. 1947లో బ్రహ్మగిరి తవ్వకాలు జరిపిన మార్టిమర్ వీలర్ ఈ కుండలను ఆంధ్రుల పాత్రలుగా పేర్కొన్నారు. జాజు పూసిన గడప మీద తెల్లముగ్గు, ఎర్రమట్టితో అలికిన సవర ఆదివాసుల గోడ మీద బియ్యప్పిండి బొమ్మ, ఈ కుండ మీది గీత మూడూ ఒకే దారిలో వచ్చాయని రుజువు చేయలేం. అయితే ఎర్రమన్ను విరివిగా ఉన్న నేలలో, తెల్లపిండి ప్రతి ఇంట్లో ఉండే చోట, చీకటిగదిలో కూడా కంటికి ఆనే జత ఇదే. చెయ్యి దానికే అలవాటు పడడంలో వింత లేదు.

సవరల గోడ

తెలుగు నేల మీద ఇంకా బతికి ఉన్న జేగురు కళల్లో మొదట చెప్పుకోవలసింది సవరలది. పార్వతీపురం మన్యం జిల్లా సీతంపేట ఏజెన్సీ, శ్రీకాకుళం కొండలు, సరిహద్దు దాటితే ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాలు వీరి ఊళ్లు. తెలుగువారికి ఈ జనం మాటను దగ్గర చేసినవారు గిడుగు వేంకట రామమూర్తి. పర్లాకిమిడిలో ఉంటూ సవర భాష నేర్చుకుని, 1931లో వ్యాకరణ గ్రంథాన్ని, 1938లో నిఘంటువును వెలువరించారు. సవరల బొమ్మల గురించి విపులంగా రాసినవారు వెరియర్ ఎల్విన్; 1955లో వచ్చిన ఆయన గ్రంథం సవరల మతం మీద ఈనాటికీ మొదట తెరవాల్సిన పుస్తకం.

సవరలు ఈ గోడబొమ్మను ఎడిసింగ్ అంటారు. ఒడిశా వైపు ఇడితాల్ అన్న పేరు ఎక్కువ. రాళ్లూ మట్టీ కలిపి కట్టిన గోడను కొండ ఎర్రమన్నుతో అలుకుతారు. బియ్యం నానబెట్టి నూరిన పిండి తెలుపు. దీపపు మసి, బొగ్గు నలుపు. వెదురుపుల్ల కొసను నమిలి పీచు చేస్తే అదే కుంచె. ముందుగా నలుచదరపు గడి గీస్తారు. అది ఇల్లు. ఆ ఇంటి లోపలా, చుట్టూ వరసలు వరసలుగా మనుషులు నిండుతారు. రెండు త్రికోణాలు కొసకొస కలిస్తే మనిషి. చేతులు కలిపి ఆడేవాళ్లు, గుర్రమెక్కినవాళ్లు, కావడి మోసేవాళ్లు, జీలుగు చెట్టెక్కి కల్లు దించేవాళ్లు, నెమళ్లు, కోతులు, బల్లులు, పైన సూర్యచంద్రులు ఉంటారు. మొదటి చూపుకు అంతా గజిబిజిగా అనిపిస్తుంది. కాసేపు నిలబడి చూస్తే ఒక్కో వరస ఒక్కో పనిగా విడిపోతుంది.

ఇది ఇంటికి వేసే అలంకారమనుకుంటే పొరపాటు. ఇంట్లో ఎవరికో జబ్బు చేస్తుంది, లేదా పంట పోతుంది, కాన్పు కష్టమవుతుంది. పూజారి కలలోకి, పూనకంలోకి వెళ్లి కారణం కనుక్కుంటాడు. చనిపోయిన పెద్దల్లో ఒకరో, కొండ మీది దేవతో తనకో ఇల్లు కావాలంటున్నారని తేలుతుంది. గోడ మీద వేసేది ఆ ఇల్లే. అందులో ఎవరుండాలి, ఏ జంతువులుండాలి, ఎంతమంది సేవకులుండాలి అన్నది అడిగినవాళ్ల ఇష్టం. బొమ్మ వేసేవాడు దాన్ని పూర్తిచేశాక పూజారి వచ్చి, కల్లూ బియ్యమూ పెట్టి, పెద్దను అందులోకి పిలుస్తాడు. ఏదైనా తక్కువైతే చేర్చి మళ్లీ చూపిస్తారు. ఎల్విన్ చూసిన బొమ్మల్లో సైకిళ్లు, విమానాలు, దొరలు, గుమాస్తాలు కూడా ఉన్నారు. చనిపోయిన పెద్దలకు లోకంలో ఉన్న హంగులన్నీ అమర్చి పెట్టాలన్నదే ఆ ఆలోచన.

కొండతో దీనికి గల లంకె మూడు విధాలు. రంగు ఆ కొండదే. బియ్యం ఆ కొండవాలులో రాళ్లు పేర్చి కట్టిన మెట్లచేలలో పండిందే. సవరల మెట్లసేద్యాన్ని చూసిన ప్రతివారూ మెచ్చుకున్నారు. బొమ్మలోకి దిగివచ్చే పెద్దలూ ఆ వాలులోనే, తమ పొలాల దగ్గరే ఉంటారని నమ్మకం. సవరలలో చాలామంది బాప్టిస్టు క్రైస్తవాన్ని స్వీకరించాక పెద్దలతో మాట్లాడే ఆచారమే పలచబడింది, దాంతో పాటు గోడబొమ్మ అవసరమూ తగ్గింది. ఈ మార్పును దశాబ్దాల పాటు అక్కడే తిరిగి చూసిన పియర్స్ విటెబ్‌స్కీ 2017లో ఒక పుస్తకంగా రాశారు.

ఇప్పుడు ఎడిసింగ్ గుడ్డ మీదికి, కాగితం మీదికి, చీర అంచుల మీదికి వచ్చింది. కొంతమంది యువతీయువకులకు ఇది కూడు పెడుతోంది. దీన్ని తప్పుపట్టడం సరికాదు. అయితే గుడ్డ మీద అక్రిలిక్‌తో వేసిన గడి ఎవరి కోసమూ కట్టిన ఇల్లు కాదు. రెండింటినీ ఒకటే అని చెప్పి అమ్మడం సవరలకూ కొనేవారికీ అన్యాయం.

ఇలాంటి మార్పు పొరుగు తెగలలోనూ జరిగింది. మహారాష్ట్ర వార్లీలు జేగురు పూసిన గోడ మీద పెళ్లిళ్లకు బియ్యప్పిండితో వేసే బొమ్మలను జీవ్యా సోమా మషే కాగితం మీదికి తెచ్చారు. ఆదిలాబాదు గోండులకు బంధుజనమైన మధ్యప్రదేశ్ ప్రధాన్ గోండుల్లో జంగఢ్ సింగ్ శ్యామ్ గోడబొమ్మలను 1981లో జె. స్వామినాథన్ బృందం పటన్‌గఢ్‌లో చూసి భోపాల్ భారత్ భవన్‌కు రప్పించింది. గోండు చిత్రం అని ఈ రోజు బజారులో చలామణి అయ్యే శైలి ఆయన చేతి నుంచి వచ్చిందే. మన ఆదిలాబాదు గోండుల చేతికి అలాంటి పిలుపు రాలేదు. తెలుగు రాష్ట్రాల కళాసంస్థలు చేయగలిగీ చేయని పని ఇది.

ఆస్ట్రేలియా: మన్నే పటం

ఆస్ట్రేలియా ఆదివాసులకు నేలను దాటిన చిత్రకళ లేదు. ప్రతి గుట్టా, నీటిమడుగూ, ఎర్రమన్ను గనీ ఆదికాలపు పూర్వీకులు నడిచి, పడుకుని, నెత్తురోడ్చి చేసినవేనని వాళ్ల కథలు. పశ్చిమ ఆస్ట్రేలియాలో వెల్డ్ కొండల్లో విల్గీ మియా అనే జేగురు గని ఉంది. ఈటె దెబ్బ తిన్న పెద్ద కంగారూ అక్కడ పడిందనీ, దాని నెత్తురు ఎర్రజేగురు, కాలేయం పసుపు, పిత్తం ఆకుపచ్చ మన్ను అయ్యాయనీ చెబుతారు. దక్షిణ ఆస్ట్రేలియాలోని ఫ్లిండర్స్ కొండల్లో దొరికే మెరుపు జేగురు కోసం డియరీ జనం వందల కిలోమీటర్లు నడిచి వెళ్లేవారు. దగ్గరలో ఎర్రమన్ను లేక వెళ్లినవాళ్లు కారు వాళ్లు. ఆ మన్నే కావాలి, ఆ చోటిదే కావాలి.

ఉత్తరాన ఆర్నెమ్ లాండులో స్ట్రింగీబార్క్ చెట్టు బెరడును వానకాలంలో ఒలిచి, నిప్పుల మీద కాచి, రాళ్ల కింద చదును చేసి దాని మీద జేగురుతో వేస్తారు. వెంట్రుకల కుంచెతో లాగే సన్నటి అడ్డగీతల అల్లిక అక్కడి గుర్తు. ఏ అల్లిక ఏ వంశానిదో లెక్క ఉంటుంది, పరాయి వంశం అల్లికను ఇష్టం వచ్చినట్టు వేయకూడదు. అందుకే అక్కడ బొమ్మ అంటే భూమి పత్రం కూడా. 1963లో గోవ్ ద్వీపకల్పంలో బాక్సైటు తవ్వకానికి ప్రభుత్వం భూమి ఇచ్చినప్పుడు యిర్కలాకు చెందిన యోల్‌ఙు జనం తమ వినతిని బెరడు మీద అతికించి, చుట్టూ తమ వంశాల జేగురు చిత్రాలు వేసి ఆస్ట్రేలియా పార్లమెంటుకు పంపారు. తవ్వకం ఆగలేదు. కానీ ఆ బెరడు విన్నపాలు నేటికీ కాన్‌బెర్రా పార్లమెంటు భవనంలో ఉన్నాయి, అక్కడి ఆదివాసి భూమి హక్కుల పోరాటం వాటి నుంచే లెక్కకు వస్తుంది.

కోనసీమ వాళ్లకు వెంటనే అర్థమయ్యే ఇంకో కథ కింబర్లీది. 1974 క్రిస్మస్ రోజున ట్రేసీ తుఫాను డార్విన్ నగరాన్ని నేలమట్టం చేసింది. ఆ రోజుల్లోనే ఒక ఆదివాసి స్త్రీ కారు ప్రమాదంలో దెబ్బలు తగిలి చనిపోయింది. ఆమె ఆత్మ రోవర్ థామస్ అనే ఆదివాసికి కలలో కనిపించి, తాను సొంత ఊరికి తిరిగివెళ్లిన దారిలోని ఒక్కో చోటునూ చెప్పిందట. తుఫాను తమ కథల్లోని ఇంద్రధనుస్సు సర్పం పని అని పెద్దలు అర్థం చేసుకున్నారు. ఆ కల కురిర్ కురిర్ అనే ఆటపాటగా మారింది. ఆడేవాళ్లు భుజాల మీద మోసిన పలకల మీద ఆ దారిలోని గుట్టలనూ గుహలనూ జేగురుతో వేశారు. వార్మున్ ఊళ్లో పుట్టిన ఆ పలకల నుంచే తూర్పు కింబర్లీ చిత్రకళ మొదలైంది. రోవర్ థామస్ చిత్రాలు 1990లో వెనిస్ బియనాలెకు వెళ్లాయి. విశాలమైన గోధుమ, నల్ల, పసుపు మైదానాలు, వాటి అంచుల వెంట తెల్లచుక్కలు, మెరుపులేని మన్నుపూత ఉంటాయి. గుట్టలను పక్క నుంచి చూసినట్టూ, దారిని ఆకాశం నుంచి చూసినట్టూ ఒకే పలక మీద వేస్తారు. 1996 నవంబరు 6 తుఫాను కోనసీమ కొబ్బరితోటలను పడగొట్టి ఎన్నో ప్రాణాలు తీసింది. మన దగ్గర ఆ జ్ఞాపకం మాటల్లో, పాటల్లో మిగిలింది. వాళ్ల దగ్గర అది మన్నుతో పలక మీదికి ఎక్కింది, ఎందుకంటే బాధను మోసే మన్ను వాళ్ల కాళ్ల కిందే ఉంది.

ఇదే ఆస్ట్రేలియాలో మరో దారీ ఉంది. 1971లో పపున్యా అనే ఊళ్లో బడిపంతులు జెఫ్రీ బార్డన్ తెచ్చిన రంగులతో ఎడారి పెద్దలు ఇసుక మీది చుక్కల బొమ్మలను పలకల మీదికి తెచ్చారు, త్వరలోనే అక్రిలిక్‌కు మారారు. లోకానికి బాగా తెలిసిన చుక్కల చిత్రాలు ఇవే. కింబర్లీ, ఆర్నెమ్ లాండు వాళ్లు మాత్రం పట్టుబట్టి జేగురునే వాడుతున్నారు. ఏ గుట్ట మన్ను ఏ బొమ్మకు అన్నది అక్కడ ఇప్పటికీ అడిగే ప్రశ్న.

రాయి లేని సీమ

గౌతమి, వశిష్ఠ పాయల మధ్య, బంగాళాఖాతం ఒడ్డున ఉన్న కోనసీమ అంతా గోదావరి తెచ్చి పోసిన ఒండ్రే. సుమారు ఏడు వేల ఏళ్ల కిందట సముద్రమట్టం నిలకడ పడ్డాకే ఈ డెల్టా ముందుకు పెరగడం మొదలైంది. అంటే కింబర్లీ కంగారూ బొమ్మ వేసిన నాటికి అప్పనపల్లి నేలే లేదు. జ్వాలాపురంలో జేగురు అరగదీసిన వాళ్లకైతే ఇలాంటి సీమ వస్తుందన్న ఊహే ఉండదు. కోనసీమలో రాతిచిత్రాలు లేకపోవడానికి జనం చేతకానితనం కారణం కాదు, నేల వయసు కారణం.

రాయి లేని చోట గోడ మట్టిదో, తాటాకుదో, రంగు కొన్నది. కోనసీమ గుడుల ప్రహరీలకు సున్నం, కావి పట్టెలు పక్కపక్కన వేస్తారు. ఆ సున్నం చాలాకాలం గుల్ల సున్నమే, సముద్రపు ఒడ్డున ఏరిన గుల్లలను బట్టీల్లో కాల్చి చేసినది. కాబట్టి తెలుపు ఇంటిది. కావి మాత్రం మెరక నుంచి రావాలి. దగ్గరలో ఎర్రబారిన రాయి చూడాలంటే ధవళేశ్వరం, రాజమహేంద్రవరం దాకా వెళ్లాలి. ఇనుము పట్టిన ఇసుకరాయి గుట్టలు అక్కడే మొదలవుతాయి. 1847లో మొదలుపెట్టి 1852లో ఆర్థర్ కాటన్ ముగించిన ఆనకట్టకు రాయి కూడా ధవళేశ్వరం గుట్టల నుంచే తీశారు. తెల్ల బంకమట్టికి ద్వారకా తిరుమల ఉంది. గుడిగోడ మీద ఒక పట్టె సముద్రానిదైతే పక్క పట్టె కొండది.

కొండ కోనసీమకు వచ్చే అసలు దారి మాత్రం నది. తొలకరి వరదకు గోదావరి రంగు మారుతుంది, ఎర్రనీరు వచ్చిందంటారు. పులస కోసం రేవుల్లో కాచుకునేవాళ్లకు ఈ మాట చెప్పనక్కర్లేదు. గోదావరి పొడవు 1,465 కిలోమీటర్లు, పరీవాహకం 3,12,812 చదరపు కిలోమీటర్లు. ప్రాణహిత గోండుల నేలను కడుగుతుంది, ఇంద్రావతి బస్తర్ మారియాల నేలను, శబరి తూర్పు కనుమల ఎర్రనేలలను కడిగి తెస్తాయి. పాపికొండల్లో కొండరెడ్లు, కోయలు వెదురు తడికల మీద మెత్తి అలికే మన్ను కూడా అందులో ఉంది. ఎర్రనీరు తెచ్చిన ఒండ్రు కోనసీమ పొలంలో నల్లగా కనిపించడానికి కారణం, మహారాష్ట్ర నల్లరేగడి అందులో ఎక్కువ పాలు కావడమూ, వరిచేలలో నీటి కింద గాలి అందక ఇనుము తన ఎరుపు కోల్పోవడమూ. ఎరుపు పోయినా ఇనుము పోలేదు. బురద ఆరిన చోట, వరివేళ్ల చుట్టూ తుప్పురంగు మచ్చలు చూడండి, అది కొండ జేగురే.

పైన కట్టిన ఆనకట్టల వల్ల ఇప్పుడు డెల్టాకు దిగే ఒండ్రు బాగా తగ్గింది, తీరం కోతకు గురవుతోంది. పోలవరం జలాశయం కింద కోయలు, కొండరెడ్ల ఊళ్లు ఖాళీ అవుతున్నాయి. ఊరితో పాటు ఆ ఊరి మన్నుగుంట, ఆ మన్నుతో అలికే చేతి అలవాటు కూడా పోతాయి. పునరావాస కాలనీల సిమెంటు గోడకు ఎర్రమన్ను అంటదు.

కొండ ఎవరిది

జేగురు చిత్రకళకు ముప్పు తెచ్చేది కొత్త రంగులు రావడం కాదు, కొండలు పోవడం. ఎర్రజేగురు, ఉక్కు కర్మాగారానికి పోయే ఇనుప ఖనిజం ఒకే హెమటైట్. 2020 మే నెలలో ఇనుప ఖనిజం కోసం రియో టింటో కంపెనీ పశ్చిమ ఆస్ట్రేలియాలోని జూకన్ లోయలో 46,000 ఏళ్ల మానవ నివాస చరిత్ర ఉన్న రాతిచూర్లను పేల్చేసింది. లోకమంతా మండిపడింది, కంపెనీ పెద్దలు పదవులు వదులుకున్నారు, చూర్లు మాత్రం తిరిగి రాలేదు.

మన దగ్గర ఈ తగవు కోర్టు దాకా ముందే వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ఆదివాసేతరులకు గనుల లీజులు ఇవ్వడం చెల్లదని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పు వచ్చింది ఈ తూర్పు కనుమల తవ్వకాల మీదే. చింతపల్లి ప్రాంతం బాక్సైటు కోసం 2015లో వచ్చిన 97వ నంబరు ఉత్తర్వును ఆదివాసుల వ్యతిరేకత తర్వాత 2019లో ప్రభుత్వం రద్దు చేసింది. ఒడిశాలో నియమగిరి కొండను తవ్వొద్దని డోంగ్రియా ఖోండులు 2013లో గ్రామసభల్లో ఒకటే మాట చెప్పి గెలిచారు. యిర్కలా వాళ్లు బెరడు మీద బొమ్మతో ఓడిపోయిన చోట మనవాళ్లు తీర్పుతో, గ్రామసభతో నిలిచారు. తెలుగు కళాచరిత్ర పుస్తకాల్లో సమత తీర్పుకు చోటు ఉండాలి. కొండ నిలవకపోతే గోడకు అలుకు ఎక్కడిది?

బొమ్మ మీద హక్కు సంగతీ ఆస్ట్రేలియాలోనే తేలింది. ఆదివాసి చిత్రాలను అడగకుండా తివాచీల మీద నేయించి అమ్మిన కంపెనీ 1994లో అక్కడి ఫెడరల్ కోర్టులో ఓడిపోయింది; నష్టపరిహారం కట్టాలని కోర్టు ఆదేశించింది. సవర బొమ్మలకు ఇక్కడ అలాంటి రక్షణ ఇంకా గట్టిపడాలి. ఈ రోజు ఎవరైనా ఆ గడిని, ఆ త్రికోణపు మనుషులను చీర మీద అచ్చువేసి పేరు చెప్పకుండా అమ్ముకోవచ్చు.

కోనసీమ నుంచి ఏటా వేలమంది యాగంటికీ, బెలుం గుహలకూ, అరకుకూ, పాపికొండలకూ వెళ్తుంటారు. దారిలో కేతవరమో, మరో చిత్రాల గుట్టో ఎదురైతే బొమ్మ స్పష్టంగా పడాలని దాని మీద నీళ్లు చల్లకండి, సుద్దతో చుట్టూ గీయకండి, చేత్తో తడమకండి. నీటితో పైకి తేలే ఉప్పు పొర ఆరాక రంగును పెచ్చులుగా ఊడదీస్తుంది. సవర చిత్రం కొంటే వేసినవారి పేరు, ఊరు అడిగి చిత్రం వెనుక రాయించుకోండి.